పాత కారు స్టీరింగ్: పగులు పూడాలంటే ముందు కోయాలి

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని సామెత. చెన్నైలో పాత కార్లు ఉంచుకున్నవాళ్లకు ఆ సామెత స్టీరింగ్ దగ్గర కళ్లకు కడుతుంది. ఇంజను చక్కగా పలుకుతుంది. బాడీకి టింకరింగ్ చేయించి రంగు వేయించి ఉంటారు, సీట్లకు కొత్త రెక్సిన్ కుట్టించి ఉంటారు. తలుపు తీసి కూర్చుంటే మాత్రం చేతికి తగిలేది అడ్డంగా నెర్రెలిచ్చిన స్టీరింగ్. స్పోకులు రిమ్ములో కలిసే చోట గోరు దిగేంత పగుళ్లు, మిగతా చోట్ల వెంట్రుకవాసి బీటలు, ఎవరో ఎప్పుడో అద్దిన ఎంసీల్ ముద్ద పెచ్చులూడుతూ.

దీనికి అందరూ చెప్పే మార్గాలు రెండు. ఒకటి, పైన కవరు తొడిగేయడం. రెండు, పగుళ్లలో ఏదో ఒకటి కూరి, రుద్ది, రంగు కొట్టేయడం. కవరు తొడిగితే పగులు కనబడదు, అంతే. దాని కింద చెమటా తేమా చేరి లోపలి ఇనుము ఇంకా త్వరగా తుప్పు పడుతుంది. కూరి రంగు కొట్టే పద్ధతి చాలాసార్లు ఒక్క వేసవి కూడా నిలవదు. పూడ్చినచోటే మళ్లీ గీత తేలుతుంది, లేదా దాని పక్కనే కొత్త పగులు పుడుతుంది.

పగులును పైపూతకు సంబంధించిన సమస్య అనుకోవడం వల్లే ఇలా జరుగుతుంది. లోపలున్న ఇనుముకీ, దాని మీద పోతపోసిన పదార్థానికీ మధ్య కారు పుట్టిన రోజు నుంచీ పెనుగులాట సాగుతోంది. పగులు దాని ఫలితం. ఏ సామాను వాడాలి, ఏ నెలలో చేయాలి, ఎంత లోతు కోయాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ పెనుగులాటలోనే ఉంది. అందుకే పనిలోకి దిగేముందు కారణం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పైనున్నది ఏ పదార్థం?

పాత స్టీరింగ్ అనగానే అందరి నోటా వచ్చే పేరు బేకలైట్. పెరంబూరులో ఉండే మా బాబాయి కూడా అంతే. "అది బేకలైట్‌రా, రాయిలాంటిది, ఏం పూసినా పట్టుకుంటుంది" అంటారు. లియో బేక్‌లాండ్ 1907లో కనిపెట్టిన ఆ ప్లాస్టిక్ డిస్ట్రిబ్యూటర్ మూతలకూ, స్విచ్చులకూ, గేరు పిడులకూ బాగా వాడారు. కానీ స్టీరింగ్ రిమ్ముల మీద ఉన్నది చాలాసార్లు అది కాదు.

1920లు మొదలుకొని 50ల దాకా ఎక్కువగా కనిపించేది గట్టి రబ్బరు, అంటే ఎబొనైట్. రబ్బరులో గంధకం బాగా ఎక్కువ పాళ్లలో కలిపి ఉడికిస్తే అది సాగే గుణం పోయి కొయ్యలా గట్టిపడుతుంది. చార్లెస్ గుడ్‌ఇయర్ తమ్ముడు నెల్సన్ గుడ్‌ఇయర్ 1851లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. రెండో రకం సెల్యులోజ్ ప్లాస్టిక్కులు. పాతవాటిలో సెల్యులాయిడ్, 1930ల నుంచి సెల్యులోజ్ ఎసిటేట్, దాని తర్వాత వచ్చిన బ్యుటిరేట్. అమెరికాలో ఈస్ట్‌మన్ కంపెనీ టెనైట్ పేరుతో అమ్మిన ఈ ప్లాస్టిక్ స్టీరింగ్‌లకు బాగా నప్పింది. దంతపు రంగులో, లేత గోధుమ రంగులో మెరిసే స్టీరింగ్‌లు చాలావరకు ఈ కుటుంబానివే. తర్వాతి దశాబ్దాల్లో మెత్తటి పీవీసీ, ఆపైన ఫోమ్ వచ్చాయి. గోరుతో నొక్కితే దిగే రకం మీ దగ్గరుంటే ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి దానికి పనికిరాదు. పీవీసీలోంచి ఊరే నూనెలాంటి ద్రవం మీద మనం వాడబోయే ఎపాక్సీ, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు, నిలవదు.

ఏది ఏదో తెలుసుకోవడానికి ముక్కు చాలు. రిమ్ము అడుగున బొటనవేలితో వేడెక్కేదాకా గట్టిగా రుద్ది వాసన చూడండి. గంధకం వాసనొస్తే ఎబొనైట్. కర్పూరం వాసనొస్తే సెల్యులాయిడ్. వెనిగర్ పులుపు తగిలితే ఎసిటేట్. అది లోలోపల క్షీణిస్తోందనడానికి కూడా అదే గుర్తు. కార్బాలిక్ ఘాటు తగిలితే అప్పుడు బేకలైట్. సూది కాల్చి గుచ్చి చూడమని చెప్పేవాళ్లుంటారు, ఆ పని చేయకండి. సెల్యులాయిడ్ అంటే నైట్రోసెల్యులోజ్, అది భగ్గుమంటుంది. అదే కారణంగా ఆ రకం స్టీరింగ్ మీద హీట్ గన్ గానీ, వేడెక్కించే గ్రైండర్ గానీ ప్రయోగించకూడదు.

రంగూ ఒక ఆధారమే. నల్లటి స్టీరింగ్ ఎండ తగిలే పైభాగంలో పచ్చగా గోధుమరంగులోకి తిరిగి, అడుగున మాత్రం నల్లగానే ఉంటే అది ఎబొనైట్. వెలుతురుకు గంధకం బయటికొచ్చి ఆమ్లంగా మారడం వల్ల ఆ రంగు వస్తుంది. వేడినీళ్లు తగిలితే అది ఇంకా ముదురుతుంది కాబట్టి ఈ రకాన్ని చల్లనీళ్లతోనే కడగాలి.

మూడు మిల్లీమీటర్ల తగాదా

ఇప్పుడు అసలు లెక్క. 17 అంగుళాల స్టీరింగ్ చుట్టుకొలత దాదాపు 1,350 మిల్లీమీటర్లు. మాఘమాసపు తెల్లవారుజామున అది 25 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. అదే కారు ఎండలో అద్దాలు మూసి నిలబెడితే, ముందు అద్దంలోంచి నేరుగా ఎండ పడే రిమ్ము 65 డిగ్రీలకు చేరడం అసాధారణం కాదు. ఈ 40 డిగ్రీల తేడాకు లోపలి ఉక్కు రింగు సుమారు 0.65 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దాని మీదున్న గట్టి రబ్బరో ప్లాస్టిక్కో విడిగా ఉండి ఉంటే 4 మిల్లీమీటర్లకు పైగా పెరిగేది. ఉక్కు కంటే అది ఆరేడు రెట్లు ఎక్కువగా వ్యాకోచిస్తుంది.

కానీ అది విడిగా లేదు, ఉక్కును కరుచుకొని ఉంది. ఫ్యాక్టరీలో వేడి అచ్చులో ఉక్కు రింగు చుట్టూ పోసినప్పుడే, చల్లారేకొద్దీ పై పదార్థం మూడున్నర మిల్లీమీటర్లకు పైగా ముడుచుకోవాలని చూసింది, ఉక్కు ముడుచుకోనివ్వలేదు. అంటే స్టీరింగ్ కొత్తగా ఉన్నప్పుడే దాని ఒంట్లో లాగుడు ఉంది. కొత్తలో పదార్థానికి కొంచెం సాగే ఓపిక ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లాస్టిక్‌లోని మెత్తబరిచే పదార్థాలు ఆవిరైపోతాయి, ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైపొరను పెళుసుగా మారుస్తాయి, ఆ ఓపిక నశిస్తుంది.

మధ్యాహ్నపు ఎండలో జరిగేది మరొకటి ఉంది, చాలామంది గమనించనిది. వేడికి పెరగాలనుకునే పై పదార్థాన్ని ఉక్కు పెరగనివ్వదు కాబట్టి అది తనలో తాను నలుగుతుంది. అంత వేడిలో మెత్తబడి, నలిగిన మేరకు సర్దుకుంటుంది. సాయంత్రం చల్లారాక, సర్దుకున్న కొలత నుంచి మళ్లీ ముడుచుకోవాలని చూస్తుంది. లాగుడు నిన్నటికంటే కాస్త పెరుగుతుంది. కాబట్టి పగులు ఎండలో పడదు, ఎండ తగ్గాక చల్లారేటప్పుడు పడుతుంది. వేసవిలో తొలి వాన పడ్డ సాయంత్రం షెడ్డులో స్టీరింగ్ టిక్కుమన్న శబ్దం విన్నవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది.

పగుళ్లన్నీ రిమ్ముకు అడ్డంగా ఉండటానికి కారణం కూడా ఇదే. లాగుడు వలయం పొడవునా ఉంది కాబట్టి చీలిక దానికి అడ్డంగా వస్తుంది. స్పోకులు కలిసే చోట ఉక్కు ఆకారం మారుతుంది, పై పదార్థపు మందం మారుతుంది. లాగుడంతా ఆ మూలలోకి చేరుతుంది. తొలి పగులు అక్కడే.

ఆ తర్వాత కథ తుప్పుది. పగులు ఉక్కు దాకా దిగిన రోజు నుంచీ చేతి చెమట, గాలిలో తేమ, చెన్నై అయితే సముద్రపు ఉప్పు కూడా లోపలికి దారి చేసుకుంటాయి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకంటే కనీసం రెండింతల చోటు ఆక్రమిస్తుంది. అది లోపలినుంచి తన్ని, పగులు అంచుల్ని పైకి లేపుతుంది. పగులుకు రెండు వైపులా వేలితో తడిమితే అంచులు ఉబ్బెత్తుగా తగిలాయంటే కింద తుప్పు బలిసిందన్నమాట. ఆ తుప్పును వదిలేసి పైన ఏ జిగురు పెట్టినా, జిగురు అంటుకునేది తుప్పుకే. తుప్పు పొర ఊడితే అదీ ఊడుతుంది.

మార్చడమా, బాగుచేయడమా

చెన్నైలో పాత కార్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో వెతికితే పాత మోరిస్‌దో, ఫియట్‌దో, హెరాల్డ్‌దో మరో స్టీరింగ్ దొరకొచ్చు. హెరాల్డ్ అయితే మన వండలూరు ఫ్యాక్టరీలో తయారైన కారే కదా, ఈ ఊళ్లో దాని సామాను మీద ఆశ ఉంటుంది. కానీ దొరికేది కూడా అదే వయసుది, అదే ఎండల్లో ఎండిందే. దాని పగుళ్లు ఇంకా బయటపడలేదు, అంతే తేడా. పైగా మూలరూపం అన్నదానికి ఇప్పుడు చట్టంలోనూ విలువుంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉంచుకున్న వాహనాలకే 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. స్టీరింగ్ ఒక్కటి మార్చినందుకు ఎవరూ నంబరు నిరాకరించరు. అయినా ఆ కారును మొదట నడిపిన చేతులు పట్టుకున్నది ఆ రిమ్మునే. దాన్ని నిలబెట్టగలిగితే నిలబెట్టడమే నాకు ఇష్టం.

అయితే నిలబెట్టకూడనివీ ఉన్నాయి. లోపలి ఉక్కు రింగు విరిగితే, స్పోకు వెల్డింగు వదిలితే, మధ్యలో షాఫ్టు కూర్చునే బోసు కదులుతుంటే, పళ్లు అరిగితే ఆ స్టీరింగును గోడకు తగిలించుకోవాలి తప్ప రోడ్డెక్కించకూడదు. ఎపాక్సీ పై పదార్థపు పగుళ్లను పూడుస్తుంది, ఉక్కు చేయాల్సిన పనిని చేయదు. ఎయిర్‌బ్యాగ్ ఉన్న స్టీరింగును ఇంట్లో అసలు తాకనే కూడదు.

ఊడదీయడం గురించి క్లుప్తంగా. ముందు బ్యాటరీ వైరు తీయాలి, హారన్ కనెక్షన్ స్టీరింగ్‌లోంచే వస్తుంది. టైర్లు నిటారుగా పెట్టి, షాఫ్టు మీదా బోసు మీదా ఒకే గీత గీసుకోవాలి. నట్టు వదులు చేయాలి గానీ పూర్తిగా తీయకూడదు, నాలుగు చుట్లు పట్టి ఉండేలా ఉంచి పుల్లర్, అంటే స్టీరింగును పైకి లాగే పనిముట్టు, బిగించాలి. పుదుపేటలో లేత్ నడిపే నెల్లూరు అన్న ఒకరు దీన్ని గట్టిగా చెబుతారు: "నట్టు తీసేసి లాగితే అది ఊడి నీ మొహానికే కదన్నా వచ్చేది. సుత్తితో మాత్రం కొట్టబాక, షాఫ్టు కింద స్టీరింగ్ గేరుబాక్సు ఉండాది." రెండూ బంగారంలాంటి మాటలు.

బీటల్ని వెతకడం, కోయడం

మొదట సబ్బునీళ్లతో కడిగి ఆరనివ్వాలి. ఏళ్ల తరబడి పూసిన డ్యాష్‌బోర్డు పాలిష్‌లో సిలికాన్ ఉంటుంది. అది కొంచెం మిగిలినా రంగు వేసేటప్పుడు గుంటలు గుంటలుగా విచ్చుకుంటుంది. అందుకే టర్పెంటైన్‌తో ఒకసారి, ఐసోప్రొపైల్ స్పిరిట్‌తో మరోసారి, ప్రతిసారీ కొత్త గుడ్డతో తుడవాలి. థిన్నరూ, అసిటోనూ వద్దు. సెల్యులోజ్ రకాలను అవి కరిగిస్తాయి.

స్పిరిట్‌తో తుడిచినప్పుడే అసలు వెతుకులాట మొదలవుతుంది. రిమ్మును కిటికీ వెలుతురులో పట్టుకొని తడిగుడ్డతో ఒక్కసారి తుడిచి కదలకుండా చూడండి. పైన తడి క్షణాల్లో ఆరిపోతుంది. బీట ఉన్నచోట మాత్రం సన్నని నల్లటి గీత ఇంకొంతసేపు తడిగా నిలుస్తుంది, లోపలికి పోయిన స్పిరిట్ నెమ్మదిగా పైకొస్తుంది కాబట్టి. కంటికి అంతకుముందు కనబడనివి అప్పుడు వరసగా బయటపడతాయి. ప్రతిదానికీ పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. నాలుగు పెద్ద పగుళ్లున్నాయనుకున్న స్టీరింగ్ మీద దానికి మూడింతల గుర్తులు పడటం మామూలే.

ఇప్పుడు మనసొప్పని పని. గుర్తు పెట్టిన ప్రతి పగులునూ, వెంట్రుకవాసి బీటలతో సహా, కోసి వెడల్పు చేయాలి. సన్నని బీటలో చిక్కటి ఎపాక్సీ దిగదు, పైన పొరలా మిగిలి మొదటి వేసవికే గీతగా తేలుతుంది. హ్యాక్సా బ్లేడుతో పగులు వెంటే రిమ్ము చుట్టూ ఉక్కు తగిలేదాకా కోసి, త్రికోణపు ఆకురాయితో పైమూతిని అయిదారు మిల్లీమీటర్ల వెడల్పు చేయాలి. పైన వెడల్పుగా, కింద ఉక్కు కనబడేలా ఉండాలి. పెద్ద పగుళ్లలో పక్క గోడలకు చిన్న డ్రిల్ బిట్‌తో రెండు మూడు గుంటలు వేస్తే ఎపాక్సీ అందులోకి దిగి గూటం వేసినట్టు బిగుస్తుంది.

ఎబొనైట్‌ను కోస్తుంటే గంధకం వాసన గుప్పున లేస్తుంది. రాలే పొట్టు ముందు నల్లగా ఉంటుంది, బ్లేడు ఉక్కుకు చేరువయ్యేసరికి ఆ నలుపులో ఇటుకరంగు కలుస్తుంది. అదే తుప్పు. మూతి తెరిచాక లోపలికి టార్చి వేసి చూస్తే, ఉక్కు మీద పొరలు పొరలుగా లేచిన తుప్పూ, దాన్ని ఆనుకొని రిమ్ము వదిలేసిన సన్నటి సందూ కనిపిస్తాయి. సందు ఎంతదూరం పోయిందో సూదితో పొడిచి చూసుకోవాలి. గట్టిగా పట్టుకున్న పదార్థం వచ్చేదాకా వదులైనదాన్ని తీసేయడమే. తీసేకొద్దీ భయమేస్తుంది గానీ, ఇక్కడ మొహమాటపడితే ఆ మొహమాటమే మళ్లీ పగులై కనబడుతుంది.

ఈ దశలో మాస్కు తప్పనిసరి. ఆ కాలపు కొన్ని బేకలైట్ సరుకుల్లో ఆస్‌బెస్టాస్ కలిపేవారు. పొడిగా రుద్దకుండా తడిపి రుద్దడం, పీ100 రకం మాస్కు పెట్టుకోవడం (ఆస్‌బెస్టాస్‌కు ఎన్95 చాలదు), పొట్టును తడిగుడ్డతో ఎత్తడం. పిల్లలు తిరిగే వరండాలో ఈ పని పెట్టుకోకూడదు.

తెరిచిన ఉక్కును వైర్ బ్రష్‌తో, సన్న ఎమరీతో తెల్లగా మెరిసేదాకా గీకాలి. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్‌ను చిన్న కుంచెతో అద్ది, పూర్తిగా ఆరాక మళ్లీ గీకి, స్పిరిట్‌తో తుడిచి, అదేరోజు ఎపాక్సీ పెట్టేయాలి. ఈ ఊరి గాలిలో మెరిసే ఉక్కును రాత్రంతా వదిలితే తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

దేనితో పూడ్చాలి, ఎప్పుడు పూడ్చాలి

కార్ పెయింటర్లు వాడే లప్పం, అంటే పాలియెస్టర్ పుట్టీ, గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది. ఉక్కు మీద దాని పట్టు కూడా అంతంత మాత్రమే. సొట్టపడ్డ బాడీ మీద పలచటి పొరగా అది మంచిదే. పదేసి మిల్లీమీటర్ల లోతున్న పగులుకు పనికిరాదు. ఫెవిక్విక్‌ లాంటి జిగుళ్లు పెళుసు. ఎంసీల్ చేతికి బాగా మలచుకోవడానికి వీలుగా ఉంటుంది గానీ, ముద్దగా ఉండటం వల్ల ఉక్కు గుంటల్లోకి దిగదు. నా ఓటు 24 గంటలకు గట్టిపడే మామూలు అరాల్డైట్ ఎపాక్సీకే. అయిదు నిమిషాల రకం వద్దు, వేడికి అది ముందుగా మెత్తబడుతుంది.

అరాల్డైట్‌లో ఆరిపోయే ద్రావకం లేదు, కాబట్టి గట్టిపడేటప్పుడు ముడుచుకోవడం చాలా తక్కువ. మన తగాదాకు మూలమే ముడుచుకోవడం కనుక దీన్ని ఎంచుకోవడానికి అదే మొదటి కారణం. కాకపోతే చెన్నై వేడిలో అది పలచబడి కారిపోతుంది. మొదట ఏమీ కలపని ఎపాక్సీని ఉక్కుకూ పక్క గోడలకూ కుంచెతో పలచగా పట్టించాలి, గుంటలన్నీ తడవాలి. ఆ తర్వాత మిగతాదానిలో సన్నటి టాల్క్ గానీ, ఏరోసిల్ అనే సన్నటి సిలికా పొడి గానీ కలిపి గరిటె తిప్పితే నిలబడేంత చిక్కగా చేసి కూరాలి. ఖనిజపు పొడి కలిపితే కారకపోవడమే కాదు, వేడికి ఎపాక్సీ పెరిగే గుణం కూడా తగ్గి ఉక్కుకు కాస్త దగ్గరవుతుంది. నల్ల స్టీరింగ్ అయితే చిటికెడు కార్బన్ బ్లాక్ అనే నల్ల రంగుపొడి కలుపుకోవచ్చు. ఇవి పార్క్‌టౌన్‌లోని నైనియప్ప నాయకన్ వీధి కెమికల్ షాపుల్లో చిన్న పొట్లాల్లో ఇస్తారు.

రెండు ట్యూబులనుంచీ సమానంగా తీసుకొని, తెల్లటి చారలు పోయేదాకా కలపాలి. ఒకేసారి ఎక్కువ కలిపితే దాని వేడికి అదే త్వరగా బిగుస్తుంది, కొంచెం కొంచెంగా కలుపుకోవడం మేలు. పూడ్చిన చోటు రిమ్ముకంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉబ్బుగా ఉండాలి. పైన పాలిథిన్ పట్టీ చుట్టి టేపు వేస్తే కిందికి జారదు. పాలిథిన్‌కు ఎపాక్సీ అంటుకోదు, మర్నాడు హాయిగా ఊడొస్తుంది.

ఇక ఎప్పుడు అన్న ప్రశ్న. దీన్ని చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. పై పదార్థం చల్లగా ఉన్నప్పుడు ముడుచుకొని పగులు వెడల్పుగా తెరుచుకుంటుంది, వేడిగా ఉన్నప్పుడు మూసుకుంటుంది. వేడిలో, మూసుకున్న పగులును పూడిస్తే, చల్లారగానే అది తెరుచుకోవాలని లాగుతుంది, ఆ లాగుడంతా మన కొత్త అతుకు మీద పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు, పూర్తిగా తెరుచుకున్న పగులును పూడిస్తే, తర్వాత ఎండకు అతుకు నలుగుతుంది గానీ చీలదు. నలుగుడును ఎపాక్సీ బాగా తట్టుకుంటుంది, తట్టుకోలేనిది లాగుడునే. అందువల్ల త్వరగా ఆరాలని ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం తెలిసి తెలిసి కొత్త పగులును పిలవడమే. చెన్నైలో దీనికి తగిన కాలం జనవరి, ఫిబ్రవరి. ఈశాన్య ఋతుపవనపు వానలు వెళ్లిపోయి ఉంటాయి, తేమ తగ్గి ఉంటుంది, రాత్రులు 20 డిగ్రీల పైచిలుకు. ఎపాక్సీ గట్టిపడటానికి ఆ మాత్రం చాలు. రాత్రిపూట నింపి తెల్లారేదాకా నీడపట్టున వదిలేయాలి.

తేమ ఎక్కువున్న రోజు చేస్తే గట్టిపడ్డ ఎపాక్సీ మీద జిడ్డులాంటి పొర వస్తుంది. దాన్ని రుద్దకుండా ముందు చల్లటి సబ్బునీళ్లతో కడిగేయాలి, లేకపోతే తర్వాతి పొర అంటదు.

వారంపాటు నీడలో ఉంచాక పరీక్ష పెట్టాలి. ఇప్పుడు ఎండ అవసరం. పగలు ఎండలో, రాత్రి ఇంట్లో, ఇలా కొన్ని రోజులు తిప్పితే విడిపోవాల్సిన అతుకులు ఇప్పుడే విడిపోతాయి, కొత్తగా రావాల్సిన బీటలూ వస్తాయి. రంగు వేశాక రావడంకంటే ఇప్పుడు రావడమే నయం. స్పిరిట్ గుడ్డతో మళ్లీ తుడిచి, కనబడ్డవాటిని మళ్లీ కోసి పూడ్చాలి. ఈ మెల్లటి వేడి వల్ల ఎపాక్సీ ఇంకాస్త ముదిరి, వేడిని తట్టుకునే శక్తి కూడా పెరుగుతుంది.

ఆకారం, రంగు

ఉబ్బుగా ఉన్నదాన్ని ముందు ఆకురాయితో దించి, 80 నంబరు గరుకు కాగితంతో (శాండ్‌పేపర్) మొదలుపెట్టి 120, 220, 320 దాకా రావాలి. వేలితో నొక్కి రుద్దితే మెత్తటి రిమ్ము ఎక్కువ అరిగి, గట్టి ఎపాక్సీ మిట్టగా మిగిలిపోతుంది. గుండ్రటి భాగానికి కాగితాన్ని పాత సైకిల్ ట్యూబు ముక్క మీద పెట్టి, బూటుకు పాలిష్ పట్టినట్టు రిమ్ము చుట్టూ లాగాలి. వేళ్లు ఆనే గాడులకు, అదే వంపున్న కర్రముక్కకు కాగితం చుట్టుకోవాలి. గాడులు పూర్తిగా పోయినచోట, బాగున్న భాగం మీద ప్లాస్టిసిన్ నొక్కి అచ్చు తీసుకొని, దాన్ని చూస్తూ చెక్కాలి. గాడుల్ని నున్నగా చదును చేసేసిన స్టీరింగ్‌లు చూస్తే నాకు బాధేస్తుంది. చేతికి దొరికే పట్టు వాటిలోనే ఉంది.

చదును అయిందో లేదో కంటికంటే వేలికే బాగా తెలుస్తుంది. కళ్లు మూసుకొని అతుకు మీదుగా వేలు జార్చాలి. ఆపైన చీకటి గదిలో టార్చిని రిమ్ముకు పక్కగా, దాదాపు ఆనించి పట్టుకుంటే మిట్టలన్నీ నీడలు పడేస్తాయి.

రంగు దగ్గర ఒక హెచ్చరికే ముఖ్యం. చెమటకూ వాడకానికీ బాగా నిలిచేది రెండు భాగాల పీయూ (పాలీయురేథేన్) పెయింట్. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు ఆ తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం పట్టుకోవచ్చు, మామూలు మాస్కు దాన్ని ఆపదు. ప్రైమర్, రుద్దుడు ఇంట్లో చేసుకొని, చివరి పీయూ పొరలు స్ప్రే గది (పెయింట్ బూత్) ఉన్న పెయింటర్ చేత కొట్టించుకోవడం మంచిది. ఇంట్లోనే పూర్తి చేయాలంటే డ్యూకో, అంటే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు ఉంది. తేమ ఎక్కువున్న రోజు కొడితే అది తెల్లగా మసకబారుతుంది కాబట్టి పొడిగా ఉన్న రోజు, ఎండెక్కాక, పలచటి పొరలుగా కొట్టాలి. ఎన్‌సీ థిన్నర్ సెల్యులోజ్ స్టీరింగును కరిగించగలదు కనుక దానికి ముందు ఎపాక్సీ ప్రైమర్ తప్పనిసరి. అసలు రంగేదో తెలియకపోతే హారన్ రింగు కింద, ఎండ ఎప్పుడూ తగలని చోట చూడండి. పైనంతా పసుపెక్కినా అక్కడ ఫ్యాక్టరీ రంగు అలాగే ఉంటుంది. పొడిగా అనిపించినా రంగు లోపలిదాకా ఆరడానికి వారాలు పడుతుంది, ఈలోగా పట్టుకుంటే వేలిముద్రలు పడతాయి.

బిగించేటప్పుడు గీతలు కలిపి, నట్టు కింద వాషరు మరచిపోకుండా, ఆ కారు మాన్యువల్ చెప్పిన మేరకు బిగించాలి. హారన్ చూసుకొని, ఇంజను ఆపి ఉండగానే రెండువైపులా కడదాకా తిప్పి, తర్వాత వీధిలో నెమ్మదిగా నడిపి చూడాలి. ఎంత బాగా చేసినా గది వేడికి గట్టిపడిన ఎపాక్సీ 60 డిగ్రీల దగ్గర కాస్త మెత్తబడుతుంది. మధ్యాహ్నం ఎండలో ఆపాల్సి వస్తే స్టీరింగ్ మీద తెల్లటి తువ్వాలు కప్పి, ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టి, అద్దాలు వేలెడంత దించి ఉంచాలి. కొన్నాళ్లు నడిపాక నట్టు బిగువు మరోసారి చూసుకోవాలి, స్పోకుల మూలల్లో స్పిరిట్ గుడ్డతో ఒకసారి తుడవాలి.